ఓపెన్ సోర్స్ సముదాయాన్ని చురుకుగా, నమ్మదగినదిగా నిలబెట్టడం ఎలా? అంచెలవారీ మార్గదర్శి

ఈ మార్గదర్శి ఇప్పటికే ఒక ఓపెన్ సోర్స్ ప్రాజెక్టును నడుపుతున్నవారికీ, ఆ బాధ్యతను త్వరలో అందుకోబోతున్నవారికీ ఉద్దేశించినది. కోడ్ చుట్టూ చేరిన మనుషులు ఎందుకు ఉండిపోతారు, ఎందుకు వెళ్లిపోతారు, వారి నమ్మకం ఏ పనుల వల్ల నిలుస్తుంది అన్నవే ఇక్కడి విషయాలు. నెరవేర్చగలిగినంత చిన్న మాట ఇవ్వాలి, దాన్ని అందరికీ కనిపించేలా రాసిపెట్టాలి, తప్పకుండా పాటించాలి. కింది అంచెలన్నీ ఈ ఒక్క సూత్రం మీదే నడుస్తాయి.

రోజంతా సందేశాలు మోగుతూ ఉంటే చాలు, సముదాయం చురుకుగా ఉందని చాలామంది అనుకుంటారు. ముక్కూ మొహం తెలియని వ్యక్తి ఒక ప్రశ్నో మార్పో తెచ్చినప్పుడు, తర్వాత ఏం జరుగుతుందో, ఎన్నాళ్లలో జరుగుతుందో ఆ వ్యక్తికి ముందే తెలుస్తోందా అన్నదే అసలు పరీక్ష. అంచెలను ఇచ్చిన వరుసలోనే చేయండి. వచ్చినవారిని చూసుకునే ఏర్పాటు లేకుండా కొత్తవారిని పిలవడం మేలు కంటే కీడే ఎక్కువ చేస్తుంది.

## 1. ముందుగా ఉన్న స్థితిని కొలవండి

గత మూడు నెలల ఇష్యూలను (లోపాలు, కోరికలు తెలిపే నమోదులు), పుల్ రిక్వెస్టులను (కోడ్‌లో చేర్చమని పంపిన మార్పులు) తెరిచి, నిర్వాహకులు కానివారు తెచ్చినవాటిని మాత్రమే వేరు చేయండి. వాటి మీద ఈ ప్రశ్నలకు జవాబులు రాసుకోండి.

- [ ] మనిషి రాసిన మొదటి సమాధానం ఎన్ని రోజులకు వచ్చింది? బాట్ (ఆటోమేటిక్ ప్రోగ్రామ్) పెట్టిన వ్యాఖ్యను లెక్కించవద్దు. సగటు కాకుండా మధ్యగతం (వరుసలో పేర్చితే మధ్యలో వచ్చే సంఖ్య) తీసుకోండి. ఏడాదిగా పడి ఉన్న ఒక్క ఇష్యూ సగటును తారుమారు చేస్తుంది.
- [ ] మొదటిసారి వచ్చినవారిలో రెండోసారి కూడా వచ్చినవారు ఎందరు?
- [ ] మొత్తం మార్పుల్లో సగం ఎందరి చేతుల మీదుగా జరిగాయి?
- [ ] ప్యాకేజీని (వాడుకరులకు అందే సాఫ్ట్‌వేర్ మూటను) ప్రచురించే హక్కు, డొమైన్ పేరు, సర్వర్ల పాస్‌వర్డులు ఎవరెవరి దగ్గర ఉన్నాయి?

మూడో ప్రశ్నకు జవాబు ఒకటి లేదా రెండు అయితే, ఆ ఒకరిద్దరు జబ్బుపడినా ఉద్యోగం మారినా ప్రాజెక్టు ఆగిపోతుందన్నమాట. లైనక్స్ ఫౌండేషన్ కింద 2017లో మొదలైన కేయాస్ ప్రాజెక్టు సముదాయాల ఆరోగ్యాన్ని కొలిచే సూచికలను నిర్వచించి పెట్టింది. ఈ లెక్క, తొలి సమాధానానికి పట్టే సమయం రెండూ వాటిలో ఉన్నాయి. స్టార్లు (ప్రాజెక్టును మెచ్చినవారు పెట్టే గుర్తులు), డౌన్‌లోడ్ల సంఖ్యలను ఈ పట్టికలో చేర్చవద్దు. అవి సాఫ్ట్‌వేర్‌కు ఉన్న గిరాకీని చెబుతాయి తప్ప, సముదాయం ఎలా ఉందో చెప్పవు.

చివరగా, నిర్వాహకులందరూ కలిసి వారానికి నిజంగా ఎన్ని గంటలు ఇవ్వగలరో రాసుకోండి. ఉత్సాహంగా ఉన్న వారాన్ని కాకుండా పని ఒత్తిడి ఉన్న వారాన్ని ప్రమాణంగా తీసుకోండి. ఇకపై ఇచ్చే ప్రతి మాటా ఈ గంటల్లో ఇమడాలి.

## 2. రాతపూర్వక పునాది వేయండి

లైసెన్సుతో మొదలుపెట్టండి. లైసెన్సు లేని కోడ్ బహిరంగంగా కనిపిస్తున్నా, కాపీరైటు హక్కులన్నీ రచయిత దగ్గరే ఉంటాయి కనుక ఇతరులకు దాన్ని వాడే అనుమతి ఉండదు.

సహకారుల హక్కుల సంగతి దాని తర్వాత తేల్చాలి. లైనక్స్ కెర్నెల్ 2004 నుంచి వాడుతున్న డెవలపర్ సర్టిఫికెట్ ఆఫ్ ఆరిజిన్ పద్ధతిలో, తాను ఇస్తున్న కోడ్‌ను ఇచ్చే హక్కు తనకు ఉందని సహకారి ప్రతి కమిట్‌లో (నమోదయ్యే ఒక్కో మార్పులో) ఒక వరుస ద్వారా ధ్రువీకరిస్తే సరిపోతుంది. దీనికి భిన్నంగా, కోడ్‌ను ఏ లైసెన్సు కిందికైనా మార్చుకునే అధికారాన్ని ఒకే సంస్థకు కట్టబెట్టే ఒప్పందం మీద సంతకం చేయమంటే, అనుభవజ్ఞులైన సహకారులు వెనక్కి తగ్గుతారు. ఆ భయం ఊరికే పుట్టలేదు. సర్వర్లను ఏర్పాటుచేసే సాధనం టెర్రాఫామ్ లైసెన్సును దాని కంపెనీ 2023 ఆగస్టులో మార్చినప్పుడు ఓపెన్‌టోఫు, రెడిస్ అనే డేటాబేస్ లైసెన్సు 2024 మార్చిలో అలాగే మారినప్పుడు వాల్కీ వేరు కుంపట్లుగా మొదలై, రెండూ లైనక్స్ ఫౌండేషన్ నీడకు చేరాయి. లైసెన్సును మార్చబోమన్నది మీ ఉద్దేశమైతే, ఆ మార్పు ఒక్కరి చేతుల్లో లేని పద్ధతిని ఎంచుకోవడమే దానికి రుజువు.

ఆ తర్వాత ఈ పత్రాలు సిద్ధం చేయండి.

- [ ] రీడ్‌మీ: ఇది ఏం చేస్తుంది, ఏం చేయదు, ప్రస్తుతం ఏ దశలో ఉంది.
- [ ] సహకార సూచిక: కోడ్‌ను బిల్డ్ చేయడం, టెస్టులు నడపడం, మార్పు పంపడం, సమాధానం కోసం ఎన్ని రోజులు ఆగాలి.
- [ ] భద్రతా సూచిక: లోపాన్ని రహస్యంగా తెలియజేసే దారి.
- [ ] ప్రవర్తనా నియమావళి: ఫిర్యాదు అందుకునే కనీసం ఇద్దరి పేర్లతో.
- [ ] పాలనా పత్రం: ఎవరు ఏం నిర్ణయిస్తారు, ఆ స్థానంలోకి ఎలా వస్తారు, ఎలా తప్పుకుంటారు.

సహకార సూచికను పరీక్షించడానికి ఒక మంచి మార్గం ఉంది. ప్రాజెక్టు గురించి తెలియని ఒక ప్రోగ్రామర్‌ను ఏమీ లేని కొత్త యంత్రం ముందు కూర్చోబెట్టి, మీరు నోరు మెదపకుండా చూడండి. ఆ వ్యక్తి ఎక్కడ ఆగిపోతే అక్కడ పత్రం తప్పు. నియమావళి విషయంలో 2014లో వచ్చిన కంట్రిబ్యూటర్ కవెనెంట్‌ను చాలా ప్రాజెక్టులు యథాతథంగా తీసుకుంటాయి, అందులో తప్పేమీ లేదు. అమలు చేసేవారి పేర్లు నింపకుండా వదిలేయడం మాత్రం తప్పే.

## 3. తొలి సమాధానానికి ఏర్పాటు చేయండి

మొత్తం మార్గదర్శిలో ఒక్క అంచెనే పాటించే తీరిక ఉంటే, దీన్నే పాటించండి.

మొదటిసారి పుల్ రిక్వెస్ట్ పంపిన వ్యక్తి చాలాసార్లు తన సాయంత్రాలను ఖర్చుపెట్టి, కాస్త బెరుకుతోనే దాన్ని పంపి ఉంటాడు లేదా పంపి ఉంటుంది. నెలల తరబడి ఉలుకూ పలుకూ లేకపోతే ఆ వ్యక్తి మళ్లీ రాడు, రాదు. పక్కనుంచి చూస్తున్నవారు కూడా సంగతి గ్రహిస్తారు. కాదని చెప్పినా, త్వరగా, కారణంతో చెబితే చాలామంది మళ్లీ వస్తారు.

3.1. గడువు ప్రకటించండి. "తొలి సమాధానం ఏడు రోజుల్లో" అని రాసి పాటించడం, "వీలైనంత త్వరగా" అని రాయడం కంటే మేలు. మీ గంటల లెక్క పధ్నాలుగు రోజులే అంటే పధ్నాలుగనే రాయండి. ఈ సమాధానంలో పూర్తి రివ్యూ (కోడ్ పరిశీలన) ఉండనవసరం లేదు. చూశామని, తర్వాతి అంచె ఏమిటని, అది ఎవరి చేతిలో ఉందని చెబితే సరిపోతుంది.

3.2. వంతులు వేసుకోండి. కొత్తగా వచ్చినవాటిని చూసే పని వారానికి ఒకరిదిగా ఉండాలి. అందరి పని అంటే ఎవరి పనీ కాదని వేరే చెప్పనక్కర్లేదు. వంతు ఉన్నవారు అన్నింటినీ పరిష్కరించనవసరం లేదు. వర్గీకరించి, సరైనవారికి చేరవేసి, స్పష్టత లేనిచోట ప్రశ్న అడిగితే వంతు పూర్తయినట్టే.

3.3. కాదని చెప్పడం నేర్చుకోండి. "ఆలోచిస్తాం" అని నాన్చడం మర్యాదలా కనిపిస్తుంది కానీ, అది అవతలివారి సమయాన్ని తినేస్తుంది. ఇలా రాయవచ్చు:

> "ఈ మార్పు కోసం శ్రమించినందుకు కృతజ్ఞతలు. మీరు చెప్పిన ఇబ్బంది నిజమే. అయితే దీన్ని కోర్‌లో చేర్చితే మూడు డేటాబేస్‌లకూ విడివిడిగా టెస్టులు నిర్వహించాల్సి వస్తుంది, అంతమంది మా దగ్గర లేరు. అందుకే దీన్ని మూసివేస్తున్నాం. ఇదే పనిని ప్లగిన్‌గా చేస్తే మా జాబితాలో సంతోషంగా చేర్చుతాం."

ఇందులో కృతజ్ఞత, అసలు కారణం, తుది నిర్ణయం, మరో దారి ఉన్నాయి. కారణం ప్రాజెక్టు పరిమితుల గురించే ఉంది తప్ప మనిషి సామర్థ్యం గురించి లేదు.

3.4. తొలి పనులను నిజంగా సిద్ధం చేయండి. సులువైన పని అన్న లేబుల్ తగిలించినంత మాత్రాన పని సులువు కాదు. ఏ ఫైలులో మొదలుపెట్టాలి, ఎలా ఉంటే పని పూర్తయినట్టు, ఏ టెస్టు నడపాలి, సందేహం వస్తే ఎవరిని అడగాలి అన్న నాలుగింటినీ ఆ ఇష్యూలోనే రాయండి. అది రాయడానికి పట్టే సమయంలో మీరే ఆ పని చేసేయగలరు. అయినా రాయండి, ఎందుకంటే ఇక్కడ ఆ పని కంటే దాన్ని చేయడం నేర్చుకునే మనిషి ముఖ్యం.

3.5. యంత్రం రాసిన వాటికి నియమం పెట్టండి. కృత్రిమ మేధ సాధనాలతో తయారైన, పైకి పొందికగా కనిపించే నివేదికలూ మార్పులూ నిర్వాహకుల గంటలను మింగేస్తున్నాయి. సాధనాన్ని నిషేధించడం కంటే బాధ్యతను నిర్దేశించడం ఆచరణయోగ్యమని నా అభిప్రాయం. పంపినవారు ప్రతి వరుసనూ తమ మాటల్లో వివరించగలగాలి, లోపాన్ని తమ యంత్రంలో పునరావృతం చేసి చూపగలగాలి, లేదంటే చర్చ లేకుండా మూసివేస్తాం అని సహకార సూచికలో రాయండి.

## 4. నిర్ణయాలను వెలుగులో తీసుకోండి

నలుగురు నిర్వాహకులు ఫోన్‌లో మాట్లాడుకుని తేల్చేసిన విషయాన్ని మర్నాడు కోడ్ రూపంలో చూసిన సహకారికి, ఆ నిర్ణయం ఎంత మంచిదైనా, తాను బయటివ్యక్తినేనని అర్థమవుతుంది. మాట్లాడుకోవడం తప్పు కాదు. మాట్లాడుకున్న సారాంశాన్ని, పక్కన పెట్టిన ప్రత్యామ్నాయాలతో సహా, ఖరారు కాకముందే బహిరంగంగా రాసి అభ్యంతరాలకు సమయం ఇవ్వాలి.

చిన్న నిర్ణయాలకు అపాచీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ ప్రాజెక్టుల్లో నడిచే పద్ధతి పనికొస్తుంది. ప్రతిపాదన పెట్టి కనీసం 72 గంటలు ఆగుతారు, ఎవరూ అభ్యంతరం చెప్పకపోతే అంగీకారమైనట్టే. ఈ 72 గంటల లెక్కలో ఇంగితం ఉంది: ప్రపంచంలో ఏ మూలన ఉన్నవారికైనా చదివే అవకాశం దొరుకుతుంది. కోడ్ మార్పును -1 (వ్యతిరేక) ఓటుతో అడ్డుకునేవారు సాంకేతిక కారణం చూపించాలి. విడుదలకు మాత్రం అర్హులైనవారి నుంచి కనీసం మూడు +1 (అనుకూల) ఓట్లు రావాలి, అనుకూల ఓట్లు వ్యతిరేక ఓట్లను మించాలి.

పెద్ద నిర్ణయాలకు సమస్య, ప్రతిపాదన, నష్టాలు, తిరస్కరించిన ప్రత్యామ్నాయాలు ఉన్న పత్రం తప్పనిసరి చేయండి. దాని మీద తుది మాట ఎవరిదో కూడా ముందే తేలాలి. పైథాన్ సృష్టికర్త గైడో వాన్ రోసమ్ 2018 జులైలో తుది నిర్ణేత స్థానం నుంచి తప్పుకున్నాక, ఆ సముదాయం ఐదుగురు సభ్యుల మండలిని ఎన్నుకునే పద్ధతికి మారింది. ఒకే సంస్థలో పనిచేసేవారు ఆ మండలిలో ఇద్దరికి మించకూడదన్న నియమం పెట్టుకుంది. ఒక కంపెనీ ఎక్కువమంది ఉద్యోగులను కేటాయించిన ప్రతి ప్రాజెక్టుకూ ఈ నియమాన్ని గట్టిగా సిఫారసు చేస్తాను.

గోప్యంగా ఉంచదగినవి మూడే: సరిచేయని భద్రతా లోపాలు, వ్యక్తుల ప్రవర్తన మీద వచ్చిన ఫిర్యాదులు, ఎవరికి హక్కులు ఇవ్వాలన్న చర్చ.

## 5. హక్కులను మెట్టు మెట్టుగా ఇవ్వండి

ఈ అంచెలో రెండు వైపులా ప్రమాదమే. హక్కులు ఎవరికీ ఇవ్వకపోతే ఒక్కరే అలసి కూలబడతారు. అడిగినవారికల్లా ఇస్తే కొంప మునుగుతుంది.

2018లో ఈవెంట్-స్ట్రీమ్ అనే జావాస్క్రిప్ట్ ప్యాకేజీని, ఆసక్తి తగ్గిన నిర్వాహకుడు సాయం చేస్తానని వచ్చిన అపరిచితుడికి అప్పగించాడు. కొత్త వ్యక్తి దానికి జోడించిన మరో ప్యాకేజీలో బిట్‌కాయిన్ వ్యాలెట్లను దోచే కోడ్ ఉంది. ఫైళ్లను కుదించే సాధనం ఎక్స్‌జెడ్ ఉదంతం దానికంటే ఓపికగా నడిచింది. ఒక ఖాతా 2021 నుంచి ఉపయోగకరమైన మార్పులు పంపుతూ నమ్మకం సంపాదించింది. ఈలోగా మరికొన్ని ఖాతాలు, పని నెమ్మదిగా సాగుతోందని, కొత్తవారికి బాధ్యత ఇవ్వాలని ఒంటరి నిర్వాహకుడి మీద ఒత్తిడి తెచ్చాయి. హక్కులు దక్కాక 5.6.0, 5.6.1 విడుదలల్లోకి దొంగదారి చేరింది. రిమోట్ లాగిన్ సుమారు అర సెకను ఆలస్యమవుతోందని గమనించిన ఒక ఇంజినీరు తవ్వి చూడబట్టి 2024 మార్చి 29న అది బయటపడింది.

ఈ రెండు చోట్లా దాడికి దారి ఇచ్చింది ఒక మనిషి అలసట. అందువల్ల నిర్వాహకుల సంఖ్యను పెంచడం కూడా భద్రతా చర్యే. కింది వరుస పాటించండి.

1. ఇష్యూలను వర్గీకరించే హక్కుతో మొదలుపెట్టండి. తప్పు జరిగినా సరిదిద్దుకోవచ్చు.
2. కొన్ని నెలలు ఇతరుల మార్పులను రివ్యూ చేయనివ్వండి. కోడ్ రాసే నేర్పు కంటే, ఇతరుల కోడ్‌తో వ్యవహరించే తీరు మనిషిని బాగా చూపిస్తుంది.
3. ఒక భాగానికి మాత్రమే మెర్జ్ హక్కు (మార్పులను ప్రధాన కోడ్‌లో కలిపే అధికారం) ఇవ్వండి. కుబెర్నెటీస్ అనే ప్రాజెక్టులో ఏ ఫోల్డర్‌కు ఎవరు ఆమోదం తెలపవచ్చో ఆ ఫోల్డర్‌లోని ఫైలే చెబుతుంది; సభ్యత్వానికే ఇద్దరు హామీదారులు కావాలి.
4. ప్రచురణ హక్కును చివరగా, వేరుగా ఇవ్వండి. మెర్జ్ చేసేవారందరికీ అది అక్కర్లేదు.
5. ప్రతి మెట్టులోనూ రెండంచెల ధ్రువీకరణ తప్పనిసరి చేయండి. పైథాన్ ప్యాకేజీల భాండాగారం పైపీఐ 2024 ఆరంభం నుంచి వాడుకరులందరికీ దీన్ని తప్పనిసరి చేసింది.

వాడని హక్కులను ఏడాదికొకసారి వెనక్కి తీసుకోండి. తీసుకునేటప్పుడు ఆ వ్యక్తిని విశ్రాంత నిర్వాహకుల జాబితాలో గౌరవంగా చేర్చి, తిరిగి వస్తే హక్కులు మళ్లీ ఇచ్చే పద్ధతి రాసిపెడితే ఎవరూ నొచ్చుకోరు. బాధ్యత ఇమ్మని కొత్త ఖాతాలు గుంపుగా తొందరపెడితే, ఆ తొందరనే ఆగడానికి కారణంగా తీసుకోండి.

## 6. విడుదలలూ భద్రతా లోపాలూ

విడుదలకు తేదీల పట్టిక ఉంటే, తన మార్పు ఎప్పుడు జనంలోకి వెళుతుందో సహకారికి తెలుస్తుంది. ఎక్స్‌జెడ్ దొంగదారిని మేల్కొలిపే భాగం బహిరంగ గిట్ కోడ్‌లో లేదు, విడుదల ఫైలులో మాత్రమే ఉంది. కాబట్టి విడుదల ఫైలును ఎవరి సొంత యంత్రంలోనూ తయారుచేయకుండా, బహిరంగ కోడ్ నుంచి అందరికీ కనిపించే ఆటోమేటిక్ వ్యవస్థలోనే తయారుచేయండి.

లోపం తెలిసినప్పుడు వరుస ఇది: అందిందని రెండు మూడు రోజుల్లో చెప్పండి, రహస్యంగా సవరణ సిద్ధం చేయండి, సీవీఈ సంఖ్య (భద్రతా లోపాలకు ఇచ్చే గుర్తింపు సంఖ్య) తీసుకోండి, విడుదలను, ప్రకటనను ఒకేసారి వెలువరించండి, తెలియజేసినవారు కోరుకుంటే వారి పేరు రాయండి. భద్రతా లోపాలు వెతికే గూగుల్ బృందం ప్రాజెక్ట్ జీరో, లోపాన్ని బయటపెట్టేముందు సవరణకు ఇచ్చే 90 రోజుల గడువు చాలామందికి ప్రమాణంగా మారింది. మీ గడువు ఏదైనా, ముందే ప్రకటించండి. లోపాన్ని చిన్నదిగా చూపించే ప్రకటన ఆ లోపం కంటే ఎక్కువ నమ్మకాన్ని పోగొడుతుంది.

## 7. తగాదాలను తేల్చే పద్ధతి

సాంకేతిక వాదన వేడెక్కితే చర్చకు ఒక రోజు తాళం వేసి, ఇరు పక్షాల వాదనలనూ వారు ఒప్పుకునేలా ఎవరైనా క్లుప్తంగా రాసి, నాలుగో అంచెలోని పద్ధతితో తేల్చండి. ప్రవర్తన మీద ఫిర్యాదు వస్తే దారి వేరు.

- [ ] ఫిర్యాదు అందిందని 48 గంటల్లోగా చెప్పండి.
- [ ] ఆరోపణకు గురైనవారూ వారి ఆప్తులూ విచారణలో ఉండకూడదు.
- [ ] రెండు వైపులా విని, జరిగినదాన్ని రాతలో పెట్టండి.
- [ ] చర్యకు మెట్లు ఉండాలి: ప్రైవేటు హెచ్చరిక, తాత్కాలిక దూరం, శాశ్వత నిషేధం.
- [ ] ఫిర్యాదుదారు పేరు బయటపెట్టకుండా, తీసుకున్న చర్యను తెలియజేయండి.

నియమాలు పైవారికి కూడా వర్తించాలి. 2021 నవంబరులో రస్ట్ భాష మోడరేషన్ బృందం, కోర్ బృందం ఎవరికీ జవాబుదారీగా లేదంటూ మూకుమ్మడిగా రాజీనామా చేసింది. ఆ తర్వాత పాలనను తిరగరాసుకుని 2023లో నాయకత్వ మండలిని ఏర్పాటుచేసుకున్నారు. మీ పాలనా పత్రంలో, ప్రధాన నిర్వాహకుల మీద ఫిర్యాదు వస్తే ఎవరు విచారిస్తారన్న వరుస ఉందో లేదో ఒకసారి చూసుకోండి.

ఎవరైనా ఫోర్క్ చేస్తామంటే, అంటే కోడ్ నకలు తీసుకుని వేరుగా నడుపుతామంటే, బెదిరింపుగా తీసుకోవద్దు. 2014 చివర్లో నోడ్ అనే జావాస్క్రిప్ట్ ప్రాజెక్టు నుంచి విడిపోయిన ఐఓ.జేఎస్, పాలన బహిరంగం కావాలన్న కోరిక తీరాక 2015లో తిరిగి కలిసింది. ఫోర్క్‌కు కారణమైన ఫిర్యాదుల జాబితా ఉచితంగా దొరికిన సమీక్ష.

## 8. డబ్బు

క్లుప్తంగా చెప్పాలంటే, విరాళం తీసుకున్న రోజు నుంచే రాబడినీ ఖర్చునూ బహిరంగంగా ఉంచండి. ఓపెన్ కలెక్టివ్ లాంటి వేదికల్లో ప్రతి లావాదేవీ అందరికీ కనిపిస్తుంది. దాతకు ఏం దక్కుతుంది, ఏం దక్కదు అన్నది కూడా రాయండి: పేరు ప్రదర్శన దక్కవచ్చు, మెర్జ్‌లో ప్రాధాన్యం దక్కకూడదు. ఒకరికి జీతమిచ్చి మిగిలినవారిని స్వచ్ఛందంగా పనిచేయమనేటప్పుడు, ఆ ఒకరిని ఎలా ఎంచుకున్నారో ముందుగా చెప్పకపోతే మనస్పర్థలు తప్పవు.

## 9. తరచూ జరిగే పొరపాట్లు, సవరణలు

పాత ఇష్యూలను బాట్‌తో మూసివేయించడం. జాబితా చిన్నదవుతుంది కానీ, సమస్య అలాగే ఉన్న వాడుకరికి తలుపు మొహాన వేసినట్టవుతుంది. సవరణ: బాట్‌ను, సమాచారం అడిగినా జవాబు రాని ఇష్యూలకు పరిమితం చేయండి. మిగిలినవాటిని మూడు నెలలకొకసారి మనుషులే చూసి, కారణం రాసి మూసివేయండి.

సంఖ్యకు బహుమతి కట్టడం. 2020 అక్టోబరులో, ఓపెన్ సోర్స్ మార్పులు పంపినవారికి బహుమతులిచ్చే హ్యాక్టోబర్‌ఫెస్ట్ కార్యక్రమపు టీషర్టుల కోసం అర్థంలేని పుల్ రిక్వెస్టులు వెల్లువెత్తాయి. ప్రాజెక్టు తనంతట తాను ఒప్పుకుంటేనే అక్కడి మార్పులు లెక్కకు వచ్చేలా నిర్వాహకులు నియమం మార్చాల్సి వచ్చింది. సవరణ: ఎన్ని అన్నది వదిలేసి, ఫలానా పని చేశారని పేరు పెట్టి కృతజ్ఞత చెప్పండి. డాక్యుమెంటేషన్, అనువాదం, ప్రశ్నలకు జవాబులు చెప్పడం కూడా విడుదల ప్రకటనలో కనిపించాలి.

సహకారి కోడ్‌ను మౌనంగా తిరగరాయడం. పుల్ రిక్వెస్ట్‌ను మూసివేసి, అదే పనిని నిర్వాహకులు తమ పేరుతో చేర్చుకుంటే ఆ మనిషి తిరిగి రారు. సవరణ: వారి కమిట్‌ను ఉంచి దాని మీద మీ మార్పు చేయండి, లేదా సహరచయితగా పేరు చేర్చండి.

చెప్పకుండా పాత పద్ధతులను తొలగించడం. సవరణ: తొలగించబోయే దాన్ని కనీసం ఒక విడుదల ముందే హెచ్చరికతో గుర్తించండి. వాడుకరుల కోడ్‌ను విరగ్గొట్టే మార్పును, సెమాంటిక్ వెర్షనింగ్ (విడుదల సంఖ్యలు వేసే పద్ధతి) చెప్పినట్టు, ప్రధాన సంఖ్య మారినప్పుడే తీసుకురండి.

## 10. తప్పుకోవడానికీ ముగించడానికీ ఏర్పాటు

నిర్వాహకులు ఏదో ఒకనాడు తప్పుకుంటారు. దాన్ని సంక్షోభం వచ్చేదాకా వాయిదా వేయకుండా, పాలనా పత్రంలో ఇప్పుడే చేర్చండి.

- [ ] ప్రతి కీలక ఖాతాకూ కనీసం ఇద్దరు యజమానులు ఉన్నారా?
- [ ] విడుదల చేసే విధానాన్ని, గత ఆరు నెలల్లో, ఎప్పుడూ చేసేవారు కాకుండా మరొకరు పూర్తిగా చేసి చూశారా?
- [ ] తప్పుకునేవారు బాధ్యతలు అప్పగించడానికి వ్యవధి నిర్ణయించారా?

అందుకునేవారు ఎవరూ లేకపోతే, తెలియని చేతుల్లో పెట్టడం కంటే మూసివేయడమే వాడుకరులకు క్షేమం. 2016 మార్చిలో లెఫ్ట్-ప్యాడ్ అనే పదకొండు వరుసల ప్యాకేజీని రచయిత ఎన్‌పీఎం (జావాస్క్రిప్ట్ ప్యాకేజీల భాండాగారం) నుంచి తొలగించినప్పుడు, దానిమీద పరోక్షంగా ఆధారపడిన ఎన్నో ప్రాజెక్టుల బిల్డులు ఒక్కసారిగా విరిగిపోయాయి. అందుకని ప్యాకేజీని తొలగించవద్దు. రీడ్‌మీ మొదటి వరుసలోనే అభివృద్ధి ఆగిందని, ఏ తేదీ నుంచి భద్రతా సవరణలు ఉండవని రాయండి. తెలిసిన ప్రత్యామ్నాయాలనూ, చురుకైన ఫోర్క్‌లనూ సూచించండి. తెరిచి ఉన్న పుల్ రిక్వెస్టులకు ఒక్కొక్కదానికీ సమాధానం ఇచ్చి మూసివేయండి. చివరి విడుదలకు ప్యాకేజీ నిర్వాహకంలో ఇకపై వాడవద్దన్న (డెప్రికేటెడ్) గుర్తు పెట్టి, ఆ తర్వాతే రిపాజిటరీని (కోడ్ నిల్వను) ఆర్కైవ్ చేయండి. ఆర్కైవ్ చేశాక రిపాజిటరీ చదవడానికే పరిమితమవుతుంది, వ్యాఖ్యలు కూడా రాయలేరు కనుక ఈ వరుస తారుమారు కాకూడదు.